దేవుడికి పది, మనిషికి ఎనిమిది

నంద్యాలలో బస్సెక్కి ఆళ్లగడ్డలో దిగేలోపు రోడ్డు పక్కన కనిపించే ఫ్లెక్సీలను లెక్కపెట్టడం నాకు అలవాటు. ఫ్లెక్సీలనే కాదు, ఒక్కోదాంట్లో ఎన్ని తలలున్నాయో కూడా లెక్కపెడతాను. బస్సు జోరుగా పోతే కుదరదు కానీ, మా బస్సులు ఆ విషయంలో నాకు బాగా సహకరిస్తాయి. మొన్న ఒక పుట్టినరోజు ఫ్లెక్సీలో ముప్ఫై ఒక్క తలలు తేలాయి. పెద్ద నాయకుడి తల గుమ్మడికాయంత. ఆయనకు అటూ ఇటూ కొబ్బరికాయంత తలలు నాలుగు. ఆ కింద బత్తాయిలు, వాటి కింద నిమ్మకాయలు, అట్టడుగు వరసలో రేగిపళ్లు. రాజకీయాలు తెలుసుకోవడానికి పేపరు చదవనక్కర్లేదు, చేతిలో స్కేలు ఉంటే చాలు. నిన్నటి కొబ్బరికాయ ఈరోజు నిమ్మకాయ అయిందంటే పార్టీలో ఏం జరిగిందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఆ తలకాయలు లెక్కబెట్టుకుంటా పోయి, దిగాల్సిన స్టేజీ దాటిపోతావు సూడు ఒకరోజు" అంటుంది మా ఆవిడ.

ఇప్పటికి రెండుసార్లు దాటాను. ఆమెకు ఒకటే చెప్పాను.

నేను పాతకాలపు మనిషిని. ఒప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. టీ గాజు గ్లాసులోనే తాగుతాను, పెళ్లిలో విస్తరి ముందు కూర్చునే తింటాను. ప్లేటు పట్టుకుని వరసలో నిలబడి తినేదాన్ని విందు అంటే నాకు నమ్మబుద్ధి కాదు. ఓటు వేసే రోజు ఉతికిన పంచె కట్టుకుని మొదటి పదిమందిలో ఉంటాను. ఎవరికి వేశానో మా ఆవిడకు చెప్పను, ఆమె నాకు చెప్పదు. ఇద్దరిదీ ఎప్పుడూ ఒకటే అయి ఉంటుందనుకుంటాను. నా జీవితంలో సరిచూసుకోని లెక్క అదొక్కటే.

ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే వీధిలో నా పని. నేను శిల్పిని కాను. ఉలి పట్టడం నాకు చేతకాదు. పదో తరగతితో చదువు ఆపేసి, ఒక చిరిగిన లెక్కల పుస్తకంతో పొడవూ వెడల్పూ మందమూ గుణించడం సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. రాయి ఎంత బరువుంటుందో చెప్పేవాడు లేక ఆ రోజుల్లో లారీలవాళ్లు శిల్పులతో గొడవపడేవారు. నల్లరాయి ఘనపుటడుగుకు సుమారు ఎనభై కిలోలు. టేపు వేసి, చెవి సందులో పెట్టుకునే ఎర్ర పెన్సిలుతో రాయి మీదే గుణించి బరువు చెప్పేవాణ్ణి. కాటా దగ్గర తేడా పెద్దగా వచ్చేది కాదు. అట్లా మొదలై, మెల్లగా విగ్రహాల కొలతలు గీయడం కూడా నాకే వచ్చింది. ఇప్పుడు నేను పనిచేసేది ఒక శిల్పి దగ్గర; మా శిల్పి తండ్రి బతికున్నప్పుడు ఆయన పక్కన కూర్చుని ఆ లెక్క నేర్చుకున్నాను. ఫోనులో ఉండే క్యాలిక్యులేటర్ వాడను. అది జవాబు చెబుతుంది కానీ, తప్పు ఎక్కడ జరిగిందో చెప్పదు.

ఆ విగ్రహం లెక్క గురించి ఇక్కడ రెండు మాటలు చెప్పాలి. గడ్డం అంచు నుంచి నుదుటిపైన జుట్టు మొదలయ్యే చోటి దాకా ఉన్న పొడవును ఒక ముఖం అంటాం. దానితోనే ఒళ్లంతా కొలుస్తాం. పెద్ద దేవుళ్ల విగ్రహం ఎత్తు పది ముఖాలు. మనిషి బొమ్మ ఎనిమిది ముఖాలు. రెండు ముఖాల తేడా, అంతే. కానీ ఆ రెండు ముఖాల తేడాతోనే రాయి ముందు నిలబడినవాడు చేతులు జోడిస్తాడా, 'ఏం బాగున్నావా' అంటాడా అనేది తేలిపోతుంది.

ఈ లెక్క తలకెక్కాక సినిమాలు చూడటం కష్టమైపోయింది. ఏడాదికి ఒకసారి మా ఆవిడ నంద్యాలలో సినిమాకు లాక్కెళుతుంది. పోయినసారి హాలు ముందు హీరో కటౌట్ నిలబెట్టి, నిచ్చెన వేసి పాలు పోస్తున్నారు. నేను ఒక కన్ను మూసి, పెన్సిలు చాచి పట్టుకుని ముఖం కొలత తీసి, కింది దాకా దించుకుంటూ వచ్చాను.

"ఏం చేస్తాండావయ్యా? అందరూ సూస్తాండారు" అంది మా ఆవిడ.

"పన్నెండు ముఖాలుండాడు."

"ఎవరు?"

"హీరో. దేవునికే పదయితే, ఈయన రెండు ఎక్కువ."

"టిక్కెట్టు తీసుకున్నాం కదా, ఆ రెండు ముఖాలు కూడా సూసి పోదాం రా" అని చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. ఇంటర్వెల్ లోపు హీరో నలభై ఏడుగురిని కొట్టాడు. అందులో ఇద్దరిని రెండుసార్లు కొట్టాడని నా అనుమానం. చొక్కా రంగు మార్చి మళ్లీ పంపారు.

ఇట్లా అందరినీ వెక్కిరించేవాణ్ణి. నాయకులను దేవుళ్లను చేశారని, హీరోలను దేవుళ్లకంటే పెద్దవాళ్లను చేశారని బస్సులో పక్కసీటు వాళ్లకు చెప్పేవాణ్ణి. ఆ పని నా చేత్తో నేనే చేస్తానని అప్పటికి తెలియదు.

బనగానపల్లె వైపు ఒక ఊరికి రెండుసార్లు సర్పంచిగా చేసి చనిపోయిన ఒకాయన విగ్రహం పని మా దగ్గరికి వచ్చింది. తెచ్చింది ఆయన తమ్ముడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, జేబులో రెండు ఫోన్లు. తనూ సర్పంచి కావాలని చాలాకాలంగా ప్రయత్నంలో ఉన్న మనిషి. ఫోనులో ఫొటో చూపించాడు. అది ఫ్లెక్సీకి కొట్టించిన ఫొటో. రంగు తేల్చి, ముడతలు తీసి, మెడ సాగదీసి ఉంది.

"ఎదురుపార్టీ వాళ్ల బొమ్మ రోడ్డుకు అవతల ఉండాదన్నా. ఏడడుగులు. మనది ఏడున్నర ఉండాల. చెయ్యి ముందరికి చాపి, వేలు చూపిస్తా ఉండాల" అన్నాడు.

"వేలు ఎవరికి చూపిస్తాండాడు?" అని అడిగాను.

"ప్రజలకన్నా. దారి చూపిస్తాండాడు."

"ఆ వేలు తిన్నగా ఎదుటి బొమ్మ కండ్లలోకి పోతాది సూసుకో" అన్నాడు మా శిల్పి, ఉలి పదును చూసుకుంటూ.

"పోనీలే. పోతే మంచిదే" అన్నాడు తమ్ముడు.

చేయి ముందుకు చాపాలంటే రాయికి మందం కావాలి. మూడుంబావు అడుగుల మందమున్న నల్లరాయి చూశాం. ముందు చేతికి చోటు వదలాలి కాబట్టి, తలను వెనక వైపుకు జరిపాను. వెనక అంచు నుంచి తల మధ్యకు పన్నెండు అంగుళాలు, అక్కడి నుంచి ముందు అంచుకు ఇరవై ఏడు. ఇక ఎత్తు. ఏడున్నర అడుగులంటే తొంభై అంగుళాలు. పదితో భాగించాను. తొమ్మిది. శేషం లేదు. శేషం రాని లెక్క చూస్తే నాకు కడుపు నిండినట్టు ఉంటుంది. ఎర్ర పెన్సిలుతో తొమ్మిదేసి అంగుళాలకు గీతలు గీసి, టీ తాగడానికి వెళ్లాను. ఇన్నేళ్లుగా ఆ వీధిలో దేవుళ్లకే గీతలు గీసిన చేయి. అడగకుండానే పది వేసింది. మనిషికని ఎనిమిదితో భాగించి ఉంటే ముఖం పదకొండుంబావు వచ్చేది. ఆ ముప్పావూ పావూ చూస్తే నాకు చిరాకు. చెప్పొచ్చేదేమంటే, నేను చేసిన తప్పులో సగం అలవాటు, సగం నున్నటి లెక్క మీద మోజు.

మా శిల్పి కూడా గీతలు చూసి ఏమీ అనలేదు. నా గీతను ఆయన ఎప్పుడూ మళ్లీ కొలవడు. రాతిపని పైనుంచి కిందికి దిగుతుంది. మూడు వారాలకు తల, మెడ రూపానికి వచ్చాయి. ఛాతీ దాకా ఉలి దిగింది. చాపిన చెయ్యి ఇంకా మొద్దుగానే ఉంది, కింద అంతా ముట్టుకోని రాయి.

ఒక ఉదయం పదిగంటలప్పుడు ఆటో దిగి ఒకామె వచ్చింది. అరవై దాటిన మనిషి, నేత చీర, చేతిలో గుడ్డసంచి. సర్పంచి భార్యనని చెప్పింది. టీచరుగా పనిచేసి రిటైరయిందట. ఆదివారం తప్పకుండా చర్చికి పోయే కుటుంబం. సంచిలోంచి ఆయన చొక్కా ఒకటి, తోలు చెప్పులు, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"మా మరిది ఫొటో ఒకటే ఇచ్చినాడంట. ఆ ఫొటోలో ఆయన లేడన్నా. అందుకే ఇవి తెచ్చినా" అంది.

తర్వాత రాయి దగ్గరికి వెళ్లింది. తల వంచకుండా చాలాసేపు చూసింది. బాగుందంటుందని మేము ఎదురుచూస్తున్నాం. మా శిల్పి చేతికంటిన రాతిపొడిని పంచెకు తుడుచుకున్నాడు కూడా.

"ఈయన మా ఆయన కాదు" అంది.

"ముక్కు, కండ్లు ఇంకా తేలలేదమ్మా. అద్దాలు చూసి సరిచేస్తా" అన్నాడు శిల్పి.

"ముక్కు గురించి కాదప్పా. ఈ బొమ్మ ముందర నిలబడితే నాకు చేతులు జోడించబుద్ధి అవుతాంది." రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది, అవి తనమాట వినవేమో అన్నట్టు. "మాలో బొమ్మ పెట్టడమే కొందరికి ఇష్టం లేదు. గుర్తుకోసం మనిషి బొమ్మ, పూజకు కాదు అని చెప్పి ఒప్పించినా. రేపు ఊర్లో ఎవరన్నా దీనికి దండం పెట్టి కొబ్బరికాయ కొడితే, నేను ఆయనకు ఏం జవాబు చెప్పాల? ఆయన బతికుండగా కాళ్లకు దండం పెట్టబోతే తిట్టేవోడు. ఇది ఇట్లే నిలబెడితే నేను ఆ రోజు రాను. ఆ దారిన పోను కూడా."

శిల్పి నా వైపు చూశాడు. నేను రాయి వైపు చూశాను. గడ్డం కింది గీత, ఛాతీ గీత, బొడ్డు గీత. కింద ఇంకా చెక్కని రాయి మీద నా ఎర్ర గీతలు వరసగా దిగి ఉన్నాయి. వేలితో లెక్కపెట్టుకుంటూ వచ్చాను. పది.

శాస్త్రం మీద నాకున్న నమ్మకం ఆరోజు పెరిగిందనే చెప్పాలి. కొలత గురించి ఏమీ తెలియని ఆమె, సగం చెక్కిన రాయి ముందు నిలబడి, అది దేవుడి కొలత అని పట్టేసింది. నేను ఎర్రబడిన మొహంతో, "తప్పు శిల్పిది కాదమ్మా, నాది" అని చెప్పాను. పదీ ఎనిమిదీ సంగతి వివరించాను.

ఆమె కోప్పడలేదు. టీచరు కదా, తప్పు లెక్క చేసిన పిల్లల్ని చూసినట్టు చూసింది. "ఇప్పుడు సరిచేయొచ్చా?"

రాతికి తీయడమే ఉంది, కలపడం లేదు. తల అప్పటికే తొమ్మిది అంగుళాల ముఖానికి దిగిపోయింది. దాన్ని పెద్దది చేయలేం. ఎనిమిది తొమ్మిదులు డెబ్బై రెండు. ఆరడుగుల మనిషి. మిగిలిన పద్దెనిమిది అంగుళాలు కాళ్లకింద దిమ్మెలో కలిపేస్తే సరి. చెప్పాను. శిల్పికి ఊపిరి వచ్చింది.

ఆమె మాత్రం చొక్కా మడతలు సర్దుతూ నిలబడింది. ఇంకేదో ఉందని అర్థమైంది.

"చెప్పమ్మా."

"ఆయన నిలబడి మాట్లాడింది ఊర్లో ఎవరూ సూడలేదన్నా. పంచాయతీ ఆఫీసు బయట ఒక బండ ఉండాది. పొద్దున్నే దాని మీద కూచునేవోడు. వచ్చినోళ్లను పక్కన కూచోబెట్టుకుని అర్జీ రాసేవోడు. నిలబడితే ముసలోళ్లు తలెత్తి మాట్లాడాల్సి వస్తాది, వాళ్ల మెడలు నొప్పిబెడతాయి అనేవోడు. వేలు చూపించడమా... మా పిల్లలకు కూడా ఎప్పుడూ చూపించలేదు." బల్ల మీది చెప్పులు సరిగ్గా జతచేసి, "కూచోబెట్టడానికి కుదరదా?" అంది.

"యాడ కుదురుతాదమ్మా? ఇది నిలువు రాయి. తల అయిపోయింది, ఛాతీ సగం అయిపోయింది. ఇప్పుడు కూచోమంటే ఈయన యాడ కూచుంటాడు?" అన్నాడు శిల్పి.

ఆయన మాట నిజమే. కానీ ఆమె తెచ్చిన ఆయన చెప్పులు బల్ల మీదున్నాయి. అరిగిన మడమలు, లోపలికి వంగిన బొటనవేలి ముద్ర. వాటిని చూస్తుంటే నాకు ఊరుకోబుద్ధి కాలేదు. "ఒక గంట టైమియ్యమ్మా, లెక్కజూసి చెప్తా" అన్నాను. ఆమె పక్కనే ఉన్న సిమెంటు చప్టా మీద కూర్చుంది. నేను నేల మీద గోనెపట్టా వేసుకుని, చెక్కని రాతి వైపు తిరిగి పెన్సిలు తీశాను.

"ఆయన ఎత్తెంతమ్మా?"

"ఐదడుగుల మూడంగుళాలు. పెళ్లప్పుడు నాకంటే అంగుళమే ఎక్కువ."

అరవై మూడు అంగుళాల మనిషి. మా రాతిలో డెబ్బై రెండు. రెండింటినీ తొమ్మిదితో కొడితే ఏడు, ఎనిమిది. అంటే ఆయన ఒంట్లో ఏడంగుళాలున్న చోట మాకు ఎనిమిది. శేషం లేదు. కానీ ఈసారి సంతోషపడే ముందు రెండోసారి చూసుకున్నాను.

మనిషి ఎనిమిది ముఖాల్లో తల ఒకటి, ఒళ్లు మూడు, తొడలు రెండు, మోకాళ్ల కింద రెండు. కూర్చుంటే తొడల రెండు ముఖాలు ఎత్తులోంచి పోయి ముందుకు వస్తాయి. ఎత్తు ఆరు ముఖాలు, యాభై నాలుగు అంగుళాలు. ఎత్తుకు కొరత లేదు. అసలు ప్రశ్న ముందుకు వచ్చే ఆ రెండు ముఖాలది. పద్దెనిమిది అంగుళాలు తల కింది నుంచి ముందుకు రావాలి. ఆ తర్వాత పాదం. మామూలుగా నిలబడిన విగ్రహానికి తెచ్చే రాతిలో అంత మందం ఉండదు. ఇందులో ఉంది. ఎందుకుంది? వేలు చూపించే చేతి కోసం వదిలాం కాబట్టి. ఎదుటి పార్టీ కళ్లలో పొడవడానికి తెప్పించిన రాయి, తల ముందు ఇరవై ఏడు అంగుళాలు, ఛాతీ కింద ఉలి తగలకుండా అట్లే ఉంది.

పాదం కొలత చెప్పు చెప్పింది. ఎనిమిదీ ముప్పావు. ఏడుకు ఎనిమిది చొప్పున మాకు పది. అందులో మూడు మోకాలి వరసకు వెనక, మడమ వైపు పోతాయి. ముందుకు ఏడు. పద్దెనిమిదీ ఏడూ ఇరవై ఐదు. రాయి ఇరవై ఏడు.

పైనుంచి కిందికి ఒకసారి, కింది నుంచి పైకి ఒకసారి చూశాను. రెండుసార్లూ రెండు అంగుళాలు మిగిలాయి.

"కూచుంటాడమ్మా" అన్నాను. "రెండంగుళాల చోటు మిగులుతాది."

శిల్పి నమ్మలేదు. ఆ వీధిలో మొదటిసారి నా గీతను తనే టేపు వేసి కొలిచాడు. కొలిచి, లేచి, రాయి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "నీ లెక్క కరెక్టే. కానీ ఆ రెండంగుళాలు నాకు భయంగా ఉండాయన్నా. ఒక్క దెబ్బ ఎక్కువ పడితే కాలివేళ్లు పోతాయి" అన్నాడు.

"ఆయన రెండు టర్ములు సర్పంచి చేసినాడప్పా, వేళ్లు పోకుండా" అంది ఆమె. నవ్వడం అప్పుడే చూశాం.

మర్నాడు మధ్యాహ్నం తమ్ముడు బండి మీద దుమ్ము రేపుకుంటూ వచ్చాడు. వదినగారూ వచ్చి ఉంది. నా గీతలు ఆయనకు అర్థం కాలేదు కానీ, విషయం అర్థమైంది.

"కూచున్న బొమ్మా? వదినా, ఓడిపోయి ఇంట్లో కూచున్నోని మాదిరి ఉంటాది. ఎదురోళ్లు నవ్వుతారు."

"మీ అన్న కూచుని రెండుసార్లు గెలిచినాడు. నువ్వు రెండుసార్లు నిలబడినావు. ఏమయింది?"

శిల్పి సుత్తి కోసం వెతుకుతున్నట్టు పక్కకు తిరిగాడు.

తమ్ముడు కాసేపు ఫోను చూసుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి అసలు ప్రశ్న అడిగాడు. "ఎత్తెంతన్నా? కూచుంటే నాలుగున్నరంట కదా. ఎదుటిది ఏడు."

ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఆయన భుజం పట్టుకుని రాయి ముందు నిలబెట్టాను. "తల యాడుందో సూడు. చెక్కడం అయిపోయింది. దాన్ని ఎవరూ కిందికి దించలేరు. మనిషి నాలుగున్నర అడుగులు, దాని కింద మూడడుగుల దిమ్మె, ఒకే రాయి. నాలుగున్నరా మూడూ ఎంత?"

"ఏడున్నర."

"నువ్వడిగింది?"

"ఏడున్నర." ఆయన మొహంలో వెలుగు వచ్చింది. "అంటే అర అడుగు మనమే ఎక్కువ!"

"దిమ్మె నువ్వు తీసుకో" అంది వదిన. "దాని మీద నీ పేరు, వచ్చే పెద్దాయన పేరు, ఎవరెవరి పేర్లు కావాలో అన్నీ రాయించుకో. మనిషిని మాత్రం నాకు వదిలెయ్."

తమ్ముడు వెంటనే దిమ్మె వెడల్పు అడిగి ఫోనులో రాసుకున్నాడు. ఎన్ని పేర్లు పడతాయో లెక్క వేసుకుంటున్నాడని నాకు తెలుసు. నేనే లెక్కచేసి చెప్పాను: అంగుళం అక్షరాలయితే పదిహేను వరసలు. ఎవరి పేరు ఎంత లావుండాలో ఆయనే చూసుకోవాలి, అది నాకు తెలియని విద్య.

పని పూర్తవడానికి అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు పట్టింది. ఆమె వారానికొకసారి వచ్చేది. చొక్కా భుజం చూసి భుజం, జేబు చూసి జేబు. అది పెన్నుల బరువుకు కిందికి సాగి ఉంది. అట్లే చెక్కమంది. కాలివేళ్ల పని రోజు శిల్పి పొద్దుటి అన్నం కూడా తినకుండా కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. నేను చేయగలిగింది ఏమీ లేదు, ఊరికే కూర్చున్నాను. పది వేళ్లూ ఉన్నాయి. లెక్కపెట్టాను.

విగ్రహం నిలబెట్టే రోజు ఆమె వస్తుందా రాదా అని శిల్పికి చివరిదాకా అనుమానమే. మేమిద్దరం బనగానపల్లె బస్సెక్కి ఆ ఊరికి వెళ్లాం. మా ఆవిడ కూడా వచ్చింది. నా తప్పు వల్ల పుట్టిన మనిషిని చూడాలట. దారిలో ఫ్లెక్సీలు మామూలే. తమ్ముడి తల కొబ్బరికాయ స్థాయికి వచ్చింది.

ఆమె మాకంటే ముందే వచ్చి ఉంది. ముందు వరసలో, మనవరాలిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

తెర తీశారు. నేను మనుషుల చేతులనే చూస్తున్నాను. ఇదొక పరీక్ష, దీనికి జవాబు చేతుల్లోనే ఉంటుంది. చేతులు జోడించినవాడు ఒక్కడే కనిపించాడు. తెర తీయడానికి వచ్చిన పెద్ద నాయకుడు. ఆయన కారు దిగినప్పటి నుంచీ జోడించే ఉన్నాడు, కాబట్టి లెక్కలోకి రాడు. మిగిలినవాళ్లు మెడలు వంచి, కళ్లు చిట్లించి చూశారు. తర్వాత ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. మనవరాలు "తాత జేబు!" అని అరిచింది.

మా ఆవిడ నా చెవిలో, "ఎన్ని ముఖాలు?" అంది.

"ఎనిమిది. రెండు మడిచినాం."

నాయకుడి కార్లు వెళ్లిపోయాక జనం పలచబడ్డారు. అప్పుడొక ముసలామె కర్ర ఊనుకుంటూ దిమ్మె దగ్గరికి వచ్చింది. కళ్లకు చేయి అడ్డం పెట్టుకుని పైకి చూసింది. చూసి, ఊర్లో ఎవరితోనో మాట్లాడినట్టు మామూలు గొంతుతో మొదలుపెట్టింది.

"ఏమప్పా సర్పంచీ, ఈడ కూచున్నావా? మా వీధి కొళాయి వారం దినాల్నుంచి రాలేదు. ఎవరికి చెప్పినా రేపు మాపు అంటాండారు. నువ్వన్నా రాసుకో."

అక్కడున్నవాళ్లు నవ్వారు. సర్పంచి భార్య నవ్వలేదు. కొంగుతో కళ్లు ఒకసారి అద్దుకుని, లేచి, ఎదుటి విగ్రహాన్ని కొలుస్తున్నట్టు నిలబడి ఉన్న మరిది దగ్గరికి వెళ్లింది.

"అవ్వ చెప్పేది ఇన్నావా?"

"ఇన్నా వదినా. రేపు చూస్తా."

"రేపు కాదు. రాసుకో."

ఆయన రెండు ఫోన్లూ తడుముకున్నాడు. రెండూ ఫొటోలు తీసీ తీసీ ఆరిపోయాయట. నేను చెవి సందులోని ఎర్ర పెన్సిలు తీసి ఇచ్చాను. ఎవరో కరపత్రం ఇచ్చారు, దాని వెనక వైపు తెల్లగా ఉంది. అరచేతిలో పెట్టుకుని రాయబోయాడు, కాగితం చిరిగింది. అటూ ఇటూ చూసి, తెల్ల ప్యాంటు పైకి లాక్కుని, అన్న పాదాల కింద దిమ్మె చుట్టూ కట్టిన మెట్టు మీద కూర్చున్నాడు.

"ఏ వీధవ్వా?" అన్నాడు.

ముసలామె కర్ర పక్కన పెట్టి, ఆయన పక్కనే మెట్టు మీద కూర్చుంది. మెడ ఎత్తాల్సిన పని లేకుండా, నింపాదిగా, మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు వచ్చి నిలబడ్డారు.

పెన్సిలు నేను వెనక్కి అడగలేదు.